పక్కింటి గోడ పక్కనే సెల్లార్

స్టాఫ్ హౌసింగ్ లోన్ తీసుకుని ఇల్లు మొదలుపెట్టే మనవాళ్లు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్న మాట ఒకటుంది. "స్థలం 200 గజాలే. కారు పెట్టుకోవాలి, మోటారు, ఇన్వర్టర్, పాత సామాను ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. కింద సెల్లార్ వేసుకుంటే పోలా?" సివిల్ ఇంజినీరుగా బ్యాంకులో చేరాను. విజయవాడ, హైదరాబాద్, ఢిల్లీల్లో ప్రెమిసెస్ విభాగంలోనూ, గృహ రుణాల సైట్ తనిఖీల్లోనూ పనిచేశాను. అందుకని నన్ను అడుగుతారు. ఖర్చెంతవుతుందంటారు, వాస్తుకు పనికొస్తుందా అంటారు, వానాకాలంలో నీళ్లూరతాయా అంటారు. పక్కింటి పునాది ఎంత లోతుందో కనుక్కోవాలా అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నా వరకు మొదటి ప్రశ్న అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెబుతాను. పక్కన నలభై ఏళ్ల కిందటి రెండంతస్తుల ఇల్లు ఉందనుకుందాం. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే రెండు స్లాబులు. గోడ సొంత బరువూ, స్లాబుల నుంచి గోడ మీదకు దిగే బరువూ కలిపి లెక్కేస్తే ఒక్కో మీటరు పొడవుకు దాదాపు 7 టన్నులు వస్తుంది. అంటే ఇసుక నింపిన రెండు ట్రాక్టర్ ట్రక్కులంత. ఆ బరువు పునాది అడుగు నుంచి నిట్టనిలువుగా కిందికి పోదు. కల్లంలో పోసిన ధాన్యం రాశిలాగా, దిగేకొద్దీ రెండు పక్కలా పరుచుకుంటుంది. అలా పరుచుకున్న బరువులో కొంత మీ స్థలంలోని మట్టి మీద పడుతోంది. ఆ మట్టి పట్టా మీ పేరునే ఉంది, పన్ను కూడా మీరే కడుతున్నారు. కానీ నలభై ఏళ్లుగా అది పక్కింటికి దన్నుగా నిలబడి ఉంది. సెల్లార్ కోసం మీరు తీసేసేది ఆ దన్నునే.

తీసేసిన మరుక్షణం ఏమీ జరగదు. చిక్కు అక్కడే ఉంది. కాస్త తడి ఉన్న ఒండ్రు మట్టి, సన్న ఇసుక కలిసిన నేల పది పన్నెండు అడుగుల లోతు తవ్వినా రెండు మూడు రోజులు గోడలా నిలబడుతుంది. మేస్త్రి మనల్ని తీసుకెళ్లి చూపిస్తాడు. "చూడండి సార్, కత్తితో కోసినట్టు నిలబడింది, దీనికి దన్నులెందుకు?" అంటాడు. ఆ నిలబడటం మట్టి బలం కాదు, అందులోని కొద్దిపాటి తేమ చేసే పని. ఎండకు ఆరిపోతే రేణువులు విడిపోతాయి, వాన పడితే తేమ ఎక్కువై పట్టు సడలుతుంది. ఎటు చూసినా అప్పు మీద నిలబడ్డ గోడే అది. ఆ అప్పుకు గడువు ఎప్పుడో మనకు తెలియదు.

ఇలాంటివి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్ నగర్‌లో చాలా చిన్న స్థలంలో కట్టిన బహుళ అంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగింది. పక్క ప్లాటులో కొత్త కట్టడానికి గుంతలు తీస్తున్నారు. లోపలున్నవారిని ఖాళీ చేయించి, భవనాన్ని కూల్చేయాల్సి వచ్చింది. మరుసటి నెల 21న పంజాబ్‌లోని మొహాలీ దగ్గర సొహానాలో ఇంకో బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు చనిపోయారు. అక్కడ పక్క స్థలంలో బేస్‌మెంట్ కోసం తవ్వుతున్నారు. ఈ రెండు చోట్లా గుంతలో పనిచేస్తున్నవారి కంటే ముందు ప్రమాదంలో పడ్డది పక్క భవనంలో తమ పని తాము చేసుకుంటున్నవారు.

కాబట్టి ప్లాను గీయించడానికి ముందే చేయాల్సింది ఒక చిన్న గుంత. పక్కవారి అనుమతితో, వారి గోడను ఆనుకుని మీ వైపు మూడడుగుల వెడల్పున తవ్వించి, వారి పునాది ఎక్కడ ఆగిందో, దేంతో కట్టారో, దాని కింద ఏ మట్టి ఉందో చూడాలి. ఆ గుంతను అదే రోజు పూడ్చేయాలి. పునాదుల విషయంలో భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ఉంది. ఇసుక నేలల్లో ఎగువ పునాది కింది అంచు నుంచి దిగువ పునాది కింది అంచుకు గీత గీస్తే, ఆ గీత 2 అడ్డం 1 నిలువు కంటే నిటారుగా ఉండకూడదని అది చెబుతుంది. మాటల్లో కష్టంగా ఉన్నా లెక్క తేలిక. పక్కింటి పునాది 1.1 మీటర్ల లోతులో ఆగింది. మీ సెల్లార్ అడుగు 3.6 మీటర్లు. తేడా 2.5 మీటర్లు. దానికి రెట్టింపు 5 మీటర్లు. ప్రత్యేకమైన ఏర్పాటేదీ లేకుండా తవ్వాలంటే ఆ పునాది నుంచి 5 మీటర్లు ఎడంగా ఉండాలన్నమాట. 25 అడుగుల వెడల్పు స్థలం మొత్తం కలిపితేనే 7.6 మీటర్లు.

ఇక్కడ చాలామంది "మున్సిపాలిటీ రూల్ ప్రకారమే వదిలాం కదా" అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168లో 1000 చదరపు మీటర్ల లోపు స్థలాలకు సెల్లార్ చుట్టూ కనీసం 1.5 మీటర్లు వదలాలని ఉంది. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ నియమాలను మార్చుకుంటూ వచ్చాయి. చిన్న స్థలాలకు చాలాచోట్ల సెల్లార్ అనుమతే దొరకదు. మీ ఊళ్లో తాజా నియమం ఏమిటో టౌన్ ప్లానింగ్ ఆఫీసులో కనుక్కోవాల్సిందే. నేను చెప్పేది వేరే. 1.5 మీటర్లు వదలడం అనుమతికి చాలు. పక్కింటి పునాదికి అది చాలుతుందా లేదా అన్నది మీ మట్టీ, మీ లోతూ, వారి పునాదీ కలిసి తేల్చాల్సిన లెక్క. అనుమతి పత్రం మట్టిని నిలబెట్టదు.

5 మీటర్లు వదలలేనప్పుడు దారులు మూడు. ఒకటి, సెల్లార్ లోతు తగ్గించుకోవడం. సగం నేలలో, సగం పైన ఉండేలా కట్టుకుంటే తేడా 2.5 మీటర్ల నుంచి మీటరుకు దిగిపోతుంది. కారు దిగే వాలు కూడా చిన్నదవుతుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందికి ఇదే చెబుతాను, ఎక్కువమందికి ఇదే నచ్చదు. రెండోది, హద్దు వెంబడి ముందుగా నేలలోకి పైల్స్ వరుసగా దించి, వాటి తలలు ఒక బీముతో కలిపి, ఆ వరుస దాపున తవ్వుకోవడం. ఖర్చెక్కువ, సెల్లార్ వెడల్పు రెండడుగులకు పైగా తగ్గుతుంది, కానీ పక్కింటి కిందికి వెళ్లే పని ఉండదు. మూడోది పక్కింటి పునాదినే ముక్కలు ముక్కలుగా కొత్త లోతుకు దించడం. దీన్ని అండర్‌పిన్నింగ్ అంటారు. ఈ మూడోది నేను దగ్గరుండి చూసింది ఢిల్లీలో. అది కాస్త వివరంగా చెబుతాను.

ఢిల్లీలో ప్లాట్ల కాలనీల్లో ఇళ్లు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పాత ఇల్లు కూల్చి కింద బేస్‌మెంట్, పైన నాలుగు అంతస్తులు వేసుకోవడం అక్కడ మామూలు. ప్లాను అనుమతికి వెళ్తే బేస్‌మెంట్ ఉన్న ప్రతివారి దగ్గరా ఇండెమ్నిటీ బాండ్ తీసుకుంటారు. తవ్వకం వల్ల పక్కవారికి నష్టం జరిగితే బాధ్యత నాదే అని యజమాని రాసివ్వడమే అది. అక్కడే స్థిరపడ్డ మన సీనియర్ ఒకాయన, గుంటూరు వైపు మనిషి, రిటైరయ్యాక తన 200 గజాల్లో ఇల్లు తిరగకట్టించారు. ఎడమ పక్క ఇంటికి అప్పటికే బేస్‌మెంట్ ఉంది, అటువైపు భయం లేదు. కుడి పక్క 1970ల నాటి ఇటుక ఇల్లు. అందులో ఇద్దరే ఉంటారు, పెద్దాయనకు నడక సరిగా లేదు. వారి పడకగది సరిగ్గా ఈ హద్దు గోడను ఆనుకునే ఉంది. గుంత తీసి చూస్తే వారి పునాది 1.1 మీటర్ల దగ్గర ఆగిపోయింది. పైన నేను చేసిన లెక్క ఆ ఇంటిదే.

కాంట్రాక్టర్ జేసీబీ పెడితే మూడు రోజుల్లో అయిపోతుందన్నాడు. సార్ నన్ను పిలిచి, "ఏమోయ్, లోన్ ఇన్‌స్పెక్షన్‌కి ఎలాగూ వస్తావు. నీకు నిద్ర పట్టాలంటే ఏం చేయాలో అది చెప్పు" అన్నారు. నేను డిజైన్ చేసేవాణ్ణి కాదు, బ్యాంకు తరఫున చూసేవాణ్ణి. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజినీరును పెట్టుకోమని చెప్పాను. ఆయన మట్టి పరీక్ష చేయించాడు. అది ఒక నెల ఈఎంఐ కంటే తక్కువలోనే తేలిపోయింది. ఆ తర్వాత అండర్‌పిన్నింగ్‌కు డ్రాయింగ్ వేశాడు. పక్కింటి పునాది కింద కాంక్రీటు పెట్టడమంటే వారి స్థలంలో పని చేయడమే, వారు ఒప్పుకోకపోతే ముట్టుకోవడానికి లేదు. సార్, మేడం ఇద్దరూ డ్రాయింగ్ పట్టుకుని పక్కింటికి నాలుగు సార్లు వెళ్లారు. నాలుగోసారికి పక్కింటావిడ రెండు షరతులతో సంతకం పెట్టింది. రాత్రిపూట పని జరగకూడదు, తర్వాత గోడలకు ఏమైనా సార్ ఖర్చుతోనే బాగుచేయించాలి. వాళ్లు పడకను ముందు గదిలోకి మార్చుకున్నారు.

పని మొదలయ్యే ముందు ఆ ఇంట్లో ప్రతి గోడనూ తేదీతో సహా ఫోటోలు తీశారు. అప్పటికే ఉన్న పగుళ్లన్నిటికీ నంబర్లు వేసి, ఇద్దరూ సంతకాలు చేశారు. ముఖ్యమైన పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజు పట్టీలు ప్లాస్టర్‌తో అంటించారు. గోడ జుట్టంత కదిలినా గాజు ఠప్పున విరుగుతుంది. దీనికి యంత్రాలక్కర్లేదు, కిటికీ అద్దాలు కోసే కుర్రాడు చాలు.

పక్కింటి గోడ హద్దు వెంబడి 15 మీటర్లు. దాన్ని 12 ముక్కలు చేశారు, ఒక్కోటి మీటరుంపావు. మొదటి విడతలో 1, 5, 9 నంబర్లు మాత్రమే. ఒక్కో చోట బావిలా నిలువు గుంత తీసి, పక్కలకు చెక్కలు బిగించి, పునాది కింద మట్టిని లోపలికి తొలిచి, 3.6 మీటర్ల అడుగు నుంచి పైకి కాంక్రీటు పోసుకుంటూ వచ్చారు. పాత పునాదికి మూడంగుళాలు తక్కువలో ఆపారు. రెండు రోజులయ్యాక ఆ సందులో ముద్ద కట్టీ కట్టని పొడి సిమెంటు ఇసుక మిశ్రమాన్ని సుత్తితో దట్టించారు. కాంక్రీటు ఆరేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ అలాగే వదిలితే పై గోడ ఆ మేరకు దిగుతుంది, అందుకే ఈ దట్టింపు. అది గట్టిపడ్డాకే రెండో విడత 3, 7, 11. ఆ తర్వాత 2, 6, 10. చివర 4, 8, 12. ఏ క్షణంలోనైనా గోడ పొడవులో పావు వంతు మించి ఆధారం లేకుండా ఉండదు. ఆ మీటరుంపావు మీద ఇటుక గోడ తనే కమానులా వంతెన కట్టుకుని నిలబడుతుంది. 12 ముక్కలూ అయ్యాకే స్థలం మధ్యలో జేసీబీ దిగింది. మూడు రోజుల పని ఐదు వారాలు పట్టింది.

రెండో విడతలో ఉండగా జనవరిలో ఒక రాత్రి వాన పడింది. ఢిల్లీ చలికాలం వానలు మన వైపు వారికి అలవాటు ఉండవు. పొద్దున్నే పక్కింటావిడ ఫోన్ చేసింది, వంటింటి కిటికీ దగ్గర గాజు పట్టీ విరిగింది. ఏడో నంబరు గుంత అప్పటికి తెరిచి ఉంది, కాంక్రీటు పడలేదు. కిటికీ మూల నుంచి ఐమూలగా పైకి పోయే పగులు, జుట్టంత ఉన్నది 2 మిల్లీమీటర్లయింది. ఇంజినీరు వచ్చి ఆ గుంతను మధ్యాహ్నం లోపు కాంక్రీటుతో నింపించాడు. మిగతా పని పది రోజులు ఆపేశాడు. కొత్త గాజు పట్టీ పెట్టి, రోజూ పొద్దున ఇద్దరూ కలిసి చూశారు. అది విరగలేదు. ఆ పది రోజులకు కూలీల బత్తా సార్ జేబులోంచే పోయింది. కాంట్రాక్టర్ గొణిగాడు, మేడం అతనికి టీ ఇచ్చి పంపించింది.

పగులు గురించి ఒక మాట. ప్రతి పగులుకూ హడలిపోనక్కర్లేదు. మిల్లీమీటరుకు అటూ ఇటూ జుట్టంత గీతలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. 5 మిల్లీమీటర్ల దాకా పూత పని, లప్పం పని. 5 దాటి 15 దాకా పోతే తలుపులు, కిటికీలు బిగుసుకుంటాయి, ఇటుక పని కొంత విప్పి కట్టాల్సి రావచ్చు. 15 దాటితే గోడలో భాగాలే మార్చాలి, 25 దాటితే ఇల్లు నిలకడ కోల్పోయే దశ. అయితే వెడల్పు కంటే నేను చూసేది పెరుగుతోందా లేదా అన్నది. 3 మిల్లీమీటర్ల దగ్గర నెల రోజులు ఆగిన పగులు కంటే, మూడు రోజుల్లో 1 నుంచి 2కు వచ్చిన పగులు భయపెడుతుంది.

మన వైపు నేలలకు వస్తే కథ మారుతుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల నాలుగడుగుల్లో మొరం, ఆ కింద రాయి. గట్టి రాయి మీద కూర్చున్న పక్కింటికి దన్ను పోయే భయం తక్కువ, కానీ రాయిని పగలగొట్టే అదురు పాత ఇంటి గోడల్లోకి పాకుతుంది. పేలుళ్ల మాట ఇళ్ల మధ్య తలపెట్టకూడదు. బెజ్జాలు వేసి రసాయన పొడి కలిపి పోస్తే అది రాత్రికి రాత్రి ఉబ్బి చప్పుడు లేకుండా రాయిని చీలుస్తుంది. ఖర్చు ఎక్కువే. ఇంకో సంగతి, రాయి పొరలు గుంతవైపు వాలి ఉంటే గట్టి రాయి కూడా జారుతుంది, అది చూసి చెప్పగలిగినవాడు ఉండాలి. నల్లరేగడిలో వేరే తంటా. వేసవిలో నేల ఎండి బీటలు తీస్తుంది, దాంతో ఇంటి పగుళ్లు తెరుచుకుంటాయి, వానాకాలంలో మూసుకుంటాయి. ఏప్రిల్లో తవ్వి, పక్కింట్లో పగులు కనబడితే అది తవ్వకం వల్లనా, ఎండ వల్లనా అన్న తగువు తేలదు. ముందు ఏడాది ఫోటోలుంటే తేలుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో అసలు శత్రువు నీరు. కొద్ది అడుగుల్లోనే జల పడుతుంది. మోటార్లు పెట్టి తోడుతూ తవ్వుతారు. తోడే నీరు తేటగా ఉంటే మంచిదే. మడ్డిగా వస్తోందంటే పక్కింటి కింద ఉన్న సన్న ఇసుకను మోటారు లాగేస్తోందన్నమాట. ఆ నీటిని ఒక బకెట్‌లో పట్టి గంటసేపు కదలకుండా ఉంచి, అడుగున ఎంత ఇసుక దిగిందో చూడండి. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు. ఇసుక కనబడితే తోడటం ఆపి పద్ధతి మార్చాలి.

సెల్లార్ కట్టాక కూడా నీరు తన లెక్క తను వేసుకుంటుంది. నీటిమట్టం సెల్లార్ అడుగు కంటే 3 మీటర్లు పైన ఉంటే, ప్రతి చదరపు మీటరు మీదా 3 టన్నుల బలంతో గచ్చును పైకి తోస్తుంది. పైన ఇంటి బరువు పడకముందే తోడటం ఆపేస్తే, ఖాళీ కాంక్రీటు పెట్టె పడవలా లేచిన సందర్భాలున్నాయి. పక్క గోడలను పైన పట్టి ఉంచేది గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు. ఆ స్లాబు గట్టిపడకముందే గోడ వెనక మట్టి నింపితే గోడ లోపలికి వంగుతుంది, దానితో పక్కింటి నేల కదులుతుంది. ఇక కట్టిన సెల్లార్‌ను దేనికి వాడతామన్నది. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీరు దూకి సివిల్స్‌కు చదువుకుంటున్న ముగ్గురు చనిపోయారు. సామానుకు అనుమతి తీసుకున్న చోట మనుషులను కూర్చోబెట్టకూడదు, మన ఇంట్లో పిల్లల చదువు గదైనా సరే.

పని మొదలుపెట్టే నెల ముఖ్యం. తెలంగాణలోనూ కోస్తాలోనూ జూన్ రెండో వారానికల్లా వానలొస్తాయి, కోస్తాలో అక్టోబరు, నవంబరు కూడా నమ్మదగినవి కావు. సంక్రాంతి వెళ్లగానే ముగ్గు పోసి, మే నెలాఖరుకు గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు పడేలా చూసుకోవాలి. శ్రావణంలో మంచి ముహూర్తం ఉందని అప్పుడు గొయ్యి తవ్వుదామంటే నేను ఒప్పుకోను. శంకుస్థాపన శ్రావణంలో చేసుకోండి, దానికి మూడడుగుల గుంట చాలు. తవ్విన మట్టిని గట్టు అంచున పోయనివ్వకండి, కనీసం మీటరున్నర దూరం ఉండాలి. 1.5 మీటర్ల లోతు దాటిన ఏ కందకంలోకీ పక్క చెక్కలు బిగించకుండా మనిషిని దింపకూడదు. ఐఎస్ 3764 ప్రమాణం ఈ సంగతులే చెబుతుంది. ఆ గుంతలో దిగేది మనింటి పిల్లవాడు కాదని చాలామంది పట్టించుకోరు.

చట్టం సంగతి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి నుంచీ అమల్లో ఉంది. దాని 7వ సెక్షన్ ప్రకారం ఎవరి నేలకైనా పక్క నేల నుంచి సహజంగా అందే ఆధారం హక్కుగా ఉంటుంది. అయితే అది సహజ స్థితిలో ఉన్న ఖాళీ నేలకు, పైన కట్టిన ఇంటి బరువుకు కాదు. ఇంటి సంగతి 15వ సెక్షన్‌లో ఉంది. ఒక కట్టడానికి పక్క నేల ఆధారం ఏ ఆటంకమూ లేకుండా, తగువు లేకుండా 20 ఏళ్లు అందుతూ వస్తే అది తిరుగులేని హక్కు అవుతుంది. అంటే పక్కిల్లు పాతదయ్యేకొద్దీ దాని గోడ బలహీనపడుతుంది, దాని హక్కు బలపడుతుంది. కట్టడంలో నిర్లక్ష్యంతో ప్రాణాలకు ముప్పు తెస్తే 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. కోర్టు స్టే వచ్చి సగం తవ్విన గొయ్యి వానాకాలం పొడుగునా అలాగే ఉండిపోవడం ఇద్దరికీ ప్రమాదమే, గొయ్యి ఎవరి మాటా వినదు.

బీమా ఉంది కదా అనేవారికి. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ తీసుకుంటే ఇతరుల ఆస్తికి నష్టం అన్న భాగం అందులో ఉంటుంది. కానీ తవ్వకం వల్ల ఆధారం పోవడం, అదురు వల్ల దెబ్బతినడం అన్నవి మామూలుగా అందులోకి రావు, విడిగా ఎండార్స్‌మెంట్ అడిగి తీసుకోవాలి. అది తీసుకున్నా, పనికి ముందు పక్క ఇల్లు బాగానే ఉందని ఆధారం చూపించాలి. సాధారణంగా పూర్తిగానో కొంతభాగమో కూలితేనే పరిహారం, పూత పగుళ్లకు రాదు. నంబర్లేసిన ఆ ఫోటోలు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

రుణం విషయంలో మన కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సింది ఒకటి. మామూలు ఇంటికి పునాది, స్లాబు, గోడలు, ఫినిషింగ్ అంటూ దశలవారీగా డబ్బు విడుదలవుతుంది. సెల్లార్ ఉన్న ఇంట్లో చాలా డబ్బు నేల మట్టానికి రాకముందే అయిపోతుంది. తవ్వకం, దన్నులు, గోడలు, వాటర్‌ప్రూఫింగ్, మోటార్ల డీజిలు అన్నీ అక్కడే. పునాది దశకు వచ్చే మొత్తంతో అది పూర్తికాదు. డబ్బు చాలక గొయ్యి నెలల తరబడి తెరిచి ఉంచడం పక్కింటికి అన్నిటికంటే చెడ్డది. అందుకని ఎస్టిమేట్‌లో సెల్లార్ పనిని విడిగా చూపించి, దశలను దానికి తగ్గట్టు ముందే బ్రాంచిలో మాట్లాడుకోవాలి. సెల్లార్ మంజూరైన ప్లానులో ఉండి తీరాలి. 2024 డిసెంబరు 17న మీరట్ శాస్త్రినగర్ కేసులో సుప్రీంకోర్టు, భవనాలను తనఖా పెట్టుకునే బ్యాంకులు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే రుణం ఇవ్వాలని చెప్పింది. ప్లానులో లేని సెల్లార్‌తో ఆ సర్టిఫికెట్ రాదు, రేపు ఆ ఇల్లు అమ్మబోతే కొనేవారికి రుణం పుట్టదు.

చివరగా కాగితాలు. పక్కవారితో రాసుకున్న ఒప్పందం, సంతకాలు చేసిన ఫోటోలు, మట్టి పరీక్ష రిపోర్టు, రోజూ పగుళ్లు కొలిచి రాసిన పుస్తకం, అండర్‌పిన్నింగ్ డ్రాయింగ్. వీటిని సేల్ డీడ్ కాపీతో పాటు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఆ డ్రాయింగ్ నకలు ఒకటి పక్కింటివారికి కూడా ఇవ్వాలి. వారి పునాది కింద ఇప్పుడు 12 ముక్కల కాంక్రీటు ఉంది, అది పైకి కనబడదు. పదిహేనేళ్ల తర్వాత వారి పిల్లలు ఆ ఇల్లు కూల్చి కొత్తది కట్టేటప్పుడు వారి ఇంజినీరు ముందుగా అడిగేది ఆ కాగితమే.